డాబా మీద చెమ్మ, ఆకాశంలో డ్రోన్: కొన్ని అపోహలు, కొన్ని వాస్తవాలు

హైదరాబాద్ అపార్ట్‌మెంట్ల డాబాలపై డ్రోన్‌కు అమర్చిన థర్మల్ కెమెరాతో, అంటే వేడి తేడాలను చిత్రంగా చూపే కెమెరాతో, చెమ్మ సర్వేలు చేయడం నా వృత్తి. ఇళ్ల యజమానుల నుండి తరచుగా వినే మాటల్లో కొన్నింటిని ఇక్కడ సరిచేస్తున్నాను.

అపోహ: థర్మల్ కెమెరా శ్లాబు లోపలి నీటిని చూపిస్తుంది.

వాస్తవం: కెమెరాకు అందేది ఉపరితల ఉష్ణోగ్రత మాత్రమే. ఒక కిలో నీటిని ఒక డిగ్రీ వేడెక్కించడానికి, అంతే బరువున్న కాంక్రీటుకు పట్టే వేడికి నాలుగు రెట్లకు పైగా కావాలి. అందువల్ల చెమ్మ పట్టిన భాగం పగలు ఆలస్యంగా వేడెక్కి, పొద్దుగూకాక ఆలస్యంగా చల్లారుతుంది. చుట్టూ ఉన్న పొడి భాగం అప్పటికే చల్లబడి ఉంటుంది కనుక చిత్రంలో అక్కడ వెచ్చని మచ్చ తేలుతుంది. నీరు ఉందన్నది ఆ మచ్చను బట్టి మనం చేసే అనుమానం.

అపోహ: కారుతున్నప్పుడే, అంటే వానాకాలంలోనే సర్వే చేయించాలి.

వాస్తవం: మాకు ఎక్కువ ఫోన్లు వచ్చేది జులై, ఆగస్టు నెలల్లోనే, కానీ ఈ పనికి అంతకంటే అనువుగాని కాలం లేదు. మబ్బుల వల్ల శ్లాబు వేడెక్కదు, తడిసిన ఉపరితలం ఆవిరవుతూ తానే చల్లబడుతుంది, దాంతో మంచి చెడు అంతా ఒకే రంగులో కలిసిపోతుంది. రుతుపవనాలు వెనుదిరిగాక, పైభాగం ఆరిపోయి, కోబాలో (నీరు దిగకుండా శ్లాబు మీద ఇటుక ముక్కలతో వేసే పొరలో) మాత్రం తడి మిగిలి ఉన్న రోజుల్లో, బాగా ఎండ కాసి గాలి లేని సాయంత్రం, సూర్యాస్తమయమైన గంట రెండు గంటలకు తీసిన చిత్రాలే నమ్మదగినవి.

అపోహ: కృత్రిమ మేధ గుర్తించిందంటే ఇక తిరుగులేదు.

వాస్తవం: ఒక జనవరి సాయంత్రం మా సాఫ్ట్‌వేర్ ఒక డాబా నడుమ చల్లని దీర్ఘచతురస్రాన్ని చూపి ‘తీవ్రమైన చెమ్మ’ అని గుర్తు పెట్టింది. మరునాడు ఎక్కి చూస్తే అక్కడ ఎండిన గుమ్మడి వడియాల పిండి చుక్కలు అంటుకుని ఉన్నాయి. రోజంతా పరిచిన దుప్పటి నీడలో ఆ చోటు వేడెక్కలేదు, అంతే. తడి భాగం చల్లగా కనిపించే పగటి చిత్రాలతో నేర్పిన సాఫ్ట్‌వేర్‌ను రాత్రి చిత్రాలపై వాడటం మా పొరపాటు. మెరిసే స్టీలు ట్యాంకులు, అల్యూమినియం రేకులు కూడా ఇలాగే మోసం చేస్తాయి, ఎందుకంటే అవి తమ వేడి కన్నా ఆకాశపు చల్లదనాన్నే ఎక్కువగా ప్రతిబింబిస్తాయి.

అపోహ: మచ్చ ఎక్కడ ఉంటే నీరు అక్కడే దిగుతోంది.

వాస్తవం: పిట్టగోడ మూలలోనో, వాననీటి పైపు మూతి దగ్గరో దిగిన నీరు కోబాలో వాలు వెంట పాకి, ఎక్కడో పడకగదిలో ఫ్యాను కొక్కెం దగ్గర బయటపడవచ్చు. పైగా 30 మీటర్ల ఎత్తు నుండి మా థర్మల్ కెమెరాలో ఒక్కో పిక్సెల్ సుమారు 4 సెంటీమీటర్ల నేలను కప్పుతుంది కనుక వెంట్రుకవాసి పగులు అందులో కనబడదు. మచ్చ ఎక్కడ తట్టి చూడాలో చెబుతుంది. ఆపైన తేమ మీటరు, చిన్న ముక్క చెక్కి తీసి చూడటం, నీరు నిలిపి చేసే పరీక్ష తప్పవు.

అపోహ: మన డాబా, మన డ్రోన్, అనుమతి ఎందుకు?

వాస్తవం: 2021 డ్రోన్ నిబంధనల ప్రకారం ముందుగా కేంద్ర ప్రభుత్వ ‘డిజిటల్ స్కై’ వెబ్‌సైట్‌లోని మ్యాప్‌లో ఆ స్థలం ఏ రంగు మండలంలో ఉందో చూడాలి. ఎరుపు మండలంలో కేంద్ర ప్రభుత్వ అనుమతి లేకుండా ఎగరేయరాదు. అసలు 200 గజాల ఇంటికి డ్రోన్ అక్కరలేదనే నేను చెబుతాను. మెట్లెక్కి చేతి కెమెరాతో అరగంట తిరిగితే సరిపోతుంది.