పెనుకొండ దారిలో కొరియా కథ

హైదరాబాద్ నుంచి బెంగళూరు వెళ్లే 44వ నంబరు జాతీయ రహదారి మీద అనంతపురం దాటాక పెనుకొండ వస్తుంది. కొండ మీద విజయనగర రాజుల కోట. 1565లో తళ్లికోట యుద్ధం ఓడి హంపి పాడుబడ్డాక రాజధాని ఇక్కడికే మారింది. ఆ కోటకు దగ్గర్లో, ఎర్రమంచి పక్కన, 2019 నుంచి కియా కార్లు తయారవుతున్నాయి. ఏడాదికి 3 లక్షల కార్లు చేయగల ఫ్యాక్టరీ అది. వాన మొహం చాటేస్తే వేరుశనగ ఎండిపోయి, జనం బెంగళూరుకు కూలికి వెళ్లే సీమలో ఇప్పుడు కొరియా అక్షరాల బోర్డులు కనిపిస్తాయి.

ఈ కియా 1944లో సైకిలు విడిభాగాలు చేసే చిన్న కార్ఖానాగా మొదలైంది. 1952లో, దేశం యుద్ధంలో తగలబడుతుండగా, కొరియాలో తయారైన మొదటి సైకిలు తెచ్చింది. అదే ఆనాటి గొప్ప. 1960లో దక్షిణ కొరియా తలసరి ఆదాయం 158 డాలర్లు. ఇవాళ అది 30 వేల డాలర్లకు పైనే. సైకిలు చేయడమే ఘనకార్యమైన దేశం ఇంత దూరం ఎలా వచ్చిందన్న ప్రశ్న నన్ను చాలాకాలంగా వదలడం లేదు.

ముందు లెక్క చూద్దాం. చక్రవడ్డీ సంగతి మన పల్లెల్లో ఎవరికీ కొత్తగా చెప్పక్కర్లేదు. నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చిన అప్పు కట్టకుండా వదిలేస్తే మూడేళ్లు దాటగానే రెట్టింపవుతుంది. దేశ ఆదాయానికీ అదే లెక్క. ఏటా 2 శాతం పెరిగే దేశం 50 ఏళ్లలో రెండున్నర రెట్ల కంటే కాస్త ఎక్కువ అవుతుంది. ఏటా 7 శాతం పెరిగే దేశం పదేళ్లకోసారి రెట్టింపై, అదే 50 ఏళ్లలో దాదాపు 30 రెట్లవుతుంది. ఏ ఒక్క ఏడాదిలోనూ పెద్ద తేడా కనిపించదు. తాత తరం నుంచి మనవడి తరానికి వచ్చేసరికి మాత్రం ఇవి రెండు వేరు వేరు లోకాలు.

మరి ఆ తేడా ఎక్కడ పుడుతుంది? నేల, ఖనిజాలు, జనం స్వభావం అని చాలామంది అంటారు. ఆ మాటలకు కొరియాలోనే జవాబుంది. 1945లో దేశం రెండు ముక్కలైనప్పుడు గనులు, జలవిద్యుత్తు, హంగ్‌నామ్ ఎరువుల కర్మాగారం లాంటి భారీ పరిశ్రమలు ఎక్కువగా ఉత్తరానికే దక్కాయి. దక్షిణానికి కరెంటు కూడా అక్కడి నుంచే రావాలి. 1948 మే 14న ఉత్తరం ఆ కరెంటు ఆపేసింది. ఫ్యాక్టరీలు మూగబోయాయి. రెండు వైపులా అదే భాష, అవే పండుగలు, అదే కిమ్చి పచ్చడి. ఇప్పుడు బ్యాంక్ ఆఫ్ కొరియా అంచనాల్లో ఉత్తరాది మనిషి ఆదాయం దక్షిణాది మనిషి ఆదాయంలో దాదాపు 30వ వంతు. 1990ల్లో అక్కడ కరువుతో లక్షల మంది చనిపోయారు. చేతిలో ఉన్న ఆస్తిని బట్టే దేశాల తలరాత ఉంటుందనుకుంటే ఇది జరగకూడదు.

పెట్టుబడి సంగతికి వద్దాం. ఒక టైలరుకు ఒక కుట్టుమిషన్ కొనిస్తే అతని పని ఎన్నో రెట్లు పెరుగుతుంది. రెండోది కొనిస్తే మొదటిది చెడిపోయినప్పుడు పనికొస్తుంది. మూడోది మూల పడుతుంది. అమెరికా ఆర్థికవేత్త రాబర్ట్ సోలో 1957లో ఈ సంగతిని లెక్కగట్టి చూశాడు. 1909 నుంచి 1949 దాకా అమెరికాలో గంట శ్రమకు వచ్చే ఉత్పత్తి రెట్టింపైంది. ఆ పెరుగుదలలో అదనపు యంత్రాల వాటా ఎనిమిదో వంతు మాత్రమే. మిగిలిన ఏడు వంతులూ పని చేసే పద్ధతి మెరుగుపడటం వల్ల వచ్చినవే.

ఆ పద్ధతుల విలువేమిటో మరో అమెరికా ఆర్థికవేత్త పాల్ రోమర్ 1990లో స్పష్టంగా చూపించాడు. 2018లో నోబెల్ అందుకున్నాడు. ఆవకాయ జాడీ పక్కింటి పిన్నిగారికి ఇస్తే మనకు జాడీ ఉండదు. కారం, ఉప్పు, ఆవపిండి పాళ్లు చెబితే మనకూ ఉంటాయి, ఆమెకూ ఉంటాయి. ఎంతమందికి చెప్పినా తరగవు. అందుకే జ్ఞానం మీద నిలబడ్డ ఎదుగుదల యంత్రాల మీద నిలబడ్డదానిలా త్వరగా చతికిలపడదు.

కానీ పాళ్లు తెలిసినంత మాత్రాన అందరి ఆవకాయా కుదరదు. చెయ్యి తిరగాలి. దేశాల విషయంలో ఈ చెయ్యి తిరగడమే అసలు కష్టం. కొరియా కథలో నేను అన్నిటికంటే ముందు పెట్టేది దానికి దారి తీసిన భూసంస్కరణనే. అంతకుముందు అక్కడి సాగుభూమిలో సగానికి పైగా కౌలుదార్ల చేతుల్లో ఉండేది. పండిన దాంట్లో సగం దాకా భూస్వామికి పోయేది. 1949లో చట్టం చేసి, 1950లో అమలు మొదలుపెట్టారు. ఒక కుటుంబానికి గరిష్ఠంగా దాదాపు ఏడున్నర ఎకరాలు. ఏడాది పంటకు ఒకటిన్నర రెట్ల విలువను ఐదేళ్లలో కడితే దున్నేవాడిదే భూమి. కౌలుకు పోయే గింజలు ఇంట్లో మిగిలాయి. పిల్లాడు బడికి వెళ్లాడు. 1945లో అక్షరాస్యత 22 శాతం ఉన్న దేశంలో 1950ల చివరికి దాదాపు ప్రతి పిల్లా, పిల్లాడూ ప్రాథమిక పాఠశాలలో ఉన్నారు.

మన దగ్గర భూపరిమితి చట్టం 1973లో వచ్చింది. పరిమితి మాగాణికి 10 నుంచి 27 ఎకరాలు, మెట్టకు 35 నుంచి 54 ఎకరాలు. బినామీ పేర్ల మీద రాసుకున్న కథలు పల్లెల్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. 1991 జనగణన నాటికి కూడా ఆంధ్రప్రదేశ్ అక్షరాస్యత 44 శాతమే. కొరియా బడుల లెక్క పక్కన ఈ అంకె పెట్టుకుంటే నాకు బాధగా ఉంటుంది. మన పిల్లలకు తెలివి తక్కువై కాదు కదా ఇలా జరిగింది.

చదువుకున్న ఆ తరానికి పని చూపించింది ఎగుమతులు. 1960ల్లో కొరియా అమ్మిన సరుకుల్లో విగ్గులు, ప్లైవుడ్, చొక్కాలు ముఖ్యమైనవి. 1964లో ఎగుమతులు 10 కోట్ల డాలర్లకు చేరితే దేశమంతా పండుగ చేసుకుంది. ప్రభుత్వం చవకగా అప్పులిచ్చేది, కానీ బయటి దేశాల్లో సరుకు అమ్మి చూపించమనేది. ఇంటి కొనుగోలుదారుడైతే సర్దుకుపోతాడు, న్యూయార్క్ దుకాణదారు నాసిరకం చొక్కాను వెనక్కి పంపేస్తాడు. అలా నేర్చుకున్నారు. కియా 1962లో జపాన్ మాజ్దా సాంకేతిక సాయంతో మూడు చక్రాల బండి చేసింది. 1973లో సొంత ఫ్యాక్టరీలో పెట్రోలు ఇంజన్, మరుసటి ఏడాది బ్రిసా కారు. 1997 సంక్షోభంలో అప్పుల్లో మునిగితే హ్యుందాయ్ కొనేసింది. యజమాని మారినా ఇంజనీర్ల చేతుల్లోని పని పోలేదు.

ఈ ప్రయాణానికి జనం చెల్లించిన మూల్యం తక్కువేం కాదు. 1970లో సియోల్ పీస్ మార్కెట్‌లో జొన్ తే-ఇల్ అనే 22 ఏళ్ల దర్జీ, కార్మిక చట్టాలు అమలు చేయమంటూ ఒంటికి నిప్పంటించుకున్నాడు. 1980లో గ్వాంగ్‌జూలో సైన్యం పౌరులను కాల్చి చంపింది. ప్రజలు పోరాడి 1987లో ప్రజాస్వామ్యం తెచ్చుకున్నారు. అన్నాళ్లూ సైనిక నియంతల పాలన ఉంది కాబట్టే దక్షిణ కొరియా ఎదిగిందనే వాదనను నేను ఒప్పుకోను. ఉత్తరాన అంతకంటే గట్టి నియంతలే ఉన్నారు. తేడా అంతా మామూలు మనిషి నేర్చుకోవడానికి, సంపాదించింది నిలబెట్టుకోవడానికి, విఫలమైతే మళ్లీ మొదలుపెట్టడానికి ఏ వైపు వీలుందన్నదే. వ్యవస్థలకూ సమృద్ధికీ ఉన్న ఈ సంబంధం మీద పనిచేసినందుకే ఆర్థికవేత్తలు అసెమోగ్లు, జాన్సన్, రాబిన్సన్‌లకు 2024లో నోబెల్ వచ్చింది.

మూడు చక్రాల బండి నుంచి సొంత ఇంజన్‌కు రావడానికి కియాకు 11 ఏళ్లు పట్టింది. పెనుకొండలో ఉత్పత్తి మొదలైన 2019 నుంచి అదే 11 ఏళ్లు లెక్కేస్తే 2030 వస్తుంది. అప్పుడు ఆ దారిలో వెళ్తే ట్రైలర్ల మీద కార్లు ఎన్ని పోతున్నాయో లెక్కపెట్టను. హిందూపురం వైపు ఏ చిన్న షెడ్డులోనైనా, ఆ ఫ్యాక్టరీలో పని నేర్చుకుని బయటికొచ్చిన సీమ కుర్రాడు సొంతంగా అచ్చులు పోస్తున్నాడేమో ఆగి చూస్తాను.