అమెరికా అంతర్యుద్ధం: అపోహలు - వాస్తవాలు

డిగ్రీ తరగతులకు అమెరికా చరిత్ర బోధిస్తున్న నాకు 1861-65 నాటి అంతర్యుద్ధం గురించి ప్రతి ఏటా అవే మాటలు వినిపిస్తుంటాయి. ఆ యుద్ధభారాన్ని నిజంగా మోసినవారిని మరుగుపరిచే మాటలు కాబట్టి వాటికి సమాధానం చెప్పడం అవసరమని నమ్ముతున్నాను.

అపోహ: ఈ యుద్ధానికి కారణం రాష్ట్రాల హక్కులు, బానిసత్వం కాదు.

వాస్తవం: అమెరికా నుంచి విడిపోయిన దక్షిణాది రాష్ట్రాలు స్వయంగా రాసుకున్న పత్రాలు చదివితే ఈ వాదన నిలవదు. 1860 డిసెంబరులో అందరికంటే ముందు వేరుపడిన దక్షిణ కరోలినా, పారిపోయిన బానిసలను ఉత్తరాది రాష్ట్రాలు పట్టి అప్పగించడం లేదని తన ప్రకటనలో ఆరోపించింది. అంటే ఇతర రాష్ట్రాలు తమ హక్కులను వాడుకోవడమే దానికి నచ్చలేదు. నల్లజాతివారు తెల్లవారితో సమానులు కారన్న భావనే తమ కొత్త ప్రభుత్వానికి మూలరాయి అని, విడిపోయిన రాష్ట్రాల కూటమి అయిన కాన్ఫెడరసీ ఉపాధ్యక్షుడు అలెగ్జాండర్ స్టీఫెన్స్ 1861 మార్చిలో సవానా నగరంలో బహిరంగంగా చెప్పాడు. ఉత్తరాది మాత్రం మొదట దేశ సమైక్యత కోసమే యుద్ధంలోకి దిగింది. బానిసత్వ నిర్మూలన దాని లక్ష్యంగా మారడానికి కాలం పట్టింది.

అపోహ: అధ్యక్షుడు లింకన్ ఒక్క సంతకంతో బానిసలందరినీ విడిపించాడు.

వాస్తవం: 1863 జనవరి 1 నాటి విమోచన ప్రకటన తిరుగుబాటు ప్రాంతాలకే పరిమితం, యూనియన్‌లోనే, అంటే ఉత్తరాది పక్షాన ఉండిపోయిన కెంటకీ, మిసోరి, మేరీలాండ్, డెలావేర్ రాష్ట్రాల బానిసలకు అది వర్తించలేదు. దేశమంతటా బానిసత్వం రద్దయింది 1865 డిసెంబరులో, 13వ రాజ్యాంగ సవరణతో. అయితే విముక్తికి తొలి అడుగు వేసినవారు బానిసలే. 1861 మే నెలలోనే ముగ్గురు వర్జీనియాలో యూనియన్ చేతిలో ఉన్న ఫోర్ట్ మన్రో కోటకు పారిపోయి రాగా, వారిని యజమానికి తిరిగి అప్పగించేందుకు జనరల్ బట్లర్ నిరాకరించాడు. ఆ తరువాత వేలాది మంది అదే దారి పట్టారు. యూనియన్ సైన్యంలో దాదాపు 1,80,000 మంది నల్లజాతి సైనికులు పోరాడారు. తెల్ల సిపాయికి నెలకు 13 డాలర్లు ఇస్తూ, వీరికి 10 డాలర్లు చూపి అందులోనూ 3 డాలర్లు దుస్తుల కింద కోసుకోవడంతో, నల్లజాతి సైనికుల 54వ మసాచుసెట్స్ దళం సమాన వేతనం ఇచ్చేదాకా అసలు జీతమే ముట్టబోమని పట్టుబట్టింది. ఆకలితో ఉన్న కుటుంబాలను ఇంటి దగ్గర వదిలి వచ్చినవారు ఆ పట్టు పట్టారని విద్యార్థులకు చెప్పకుండా ఈ పాఠం ముగించలేను.

అపోహ: సైనికులలో ఎక్కువ మంది తూటాలకు బలయ్యారు.

వాస్తవం: మృతులలో సుమారు మూడింట రెండు వంతుల మందిని విరేచనాలు, టైఫాయిడ్, న్యుమోనియా వంటి రోగాలే బలిగొన్నాయి. మత్తు లేకుండా కాళ్లూ చేతులూ కోసేవారన్నది కూడా చాలావరకు కట్టుకథే. క్లోరోఫాం, ఈథర్ విరివిగా వాడేవారు. సూక్ష్మజీవుల సంగతి తెలియక కత్తులూ చేతులూ శుభ్రం చేసుకోకపోవడమే అసలు ప్రమాదం.

అపోహ: ఇరుపక్షాల ప్రజలూ తమ ప్రభుత్వాల వెనుక ఒక్కటిగా నిలిచారు.

వాస్తవం: 1863 ఏప్రిల్‌లో కాన్ఫెడరసీ రాజధాని రిచ్‌మండ్‌లోనే, ధరలు భరించలేని మహిళలు తిండి కోసం దుకాణాలు పగలగొట్టారు. ఇరవై మంది బానిసలున్న తోటకు ఒక తెల్లవాడికి సైనిక సేవ నుంచి మినహాయింపు ఇచ్చిన చట్టం పేద రైతులకు కడుపుమంట కలిగించింది. ఉత్తరాదిలోనూ 300 డాలర్లు కట్టగలిగినవారు నిర్బంధ సైనిక సేవను తప్పించుకోగలిగారు. దానిపై రగిలిన ఆగ్రహం అదే ఏడాది జులైలో న్యూయార్క్‌లో అల్లర్లుగా మారి, ఆ నిబంధనతో ఏ సంబంధమూ లేని నల్లజాతివారిపై దాడులకు, వారి పిల్లల అనాథాశ్రమ దహనానికి దారితీసింది.