పంట విరామం వెనుక మురుగు కథ

2011 సార్వాలో (ఖరీఫ్‌లో) కోనసీమ రైతులు వేలాది ఎకరాల్లో నాట్లు వేయకుండా పంట విరామం పాటించారు. గోదావరి నీరు అందే నేలను రైతే బీడు పెట్టడం అప్పట్లో చాలామందికి మింగుడుపడలేదు. గిట్టుబాటు కాని ధర, పెరిగిన కూలి ఖర్చు అందరికీ తెలిసిన కారణాలే. ముంపు నీరు పోయే దారి లేదన్న ఫిర్యాదు మాత్రం వాటికన్నా చాలా పాతది. దాని మూలం గోదావరి మీద ఆనకట్ట కట్టిన కాలంలో ఉంది.

1832-33 నాటి నందన కరువు, 1839 నాటి ఉప్పెన రాజమండ్రి జిల్లాను కుంగదీశాయి. 1821లో ఏడు లక్షలకు పైగా ఉన్న జనాభా 1841 నాటికి సుమారు 5.6 లక్షలకు పడిపోయింది. పక్కనే గోదావరి పారుతున్నా తిండిలేని ఆ స్థితిపై 1844లో ఈస్టిండియా కంపెనీ (కుంపిణీ) అధికారి హెన్రీ మాంట్‌గోమరీ నివేదిక ఇచ్చారు. ఆర్థర్ కాటన్ ప్రణాళికతో 1847లో మొదలైన ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. క్రమంగా తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాల్లో దాదాపు పది లక్షల ఎకరాలు సాగులోకి వచ్చాయి. జనానికి అన్నం దొరికింది, కుంపిణీకి శిస్తు దొరికింది. శిస్తు మీద ఆశ లేకపోతే కుంపిణీ అంత ఖర్చుకు సిద్ధపడేదా అన్నది వేరే ప్రశ్న.

అయితే సముద్రం వైపు డెల్టా నేల దాదాపు చదును. పొలానికి పెట్టిన నీరు, దాని మీద కురిసిన వాన బయటికి పోవాలంటే మురుగు కాలువలే దిక్కు. పంట కాలువల మీద ఉన్న శ్రద్ధ వీటి మీద ఏనాడూ లేదు. 1960ల్లో మిత్రా కమిటీ ఈ సమస్యను పరిశీలించిందంటే, ఆనకట్ట కట్టి అప్పటికే వందేళ్లు దాటాయన్నమాట.

అదే దశకంలో దేశం తిండిగింజలకు వెతుక్కుంటున్న వేళ, ఆచంటలో నెక్కంటి సుబ్బారావు 1967లో ఐఆర్-8 అనే పొట్టి వరి రకం సాగుచేసి పెద్ద దిగుబడి చూపించారు. ఆ పొట్టి రకానికి యూరియా కావాలి, అదుపులో ఉండే నీరు కావాలి. లోతు నీటిలో అది నిలవదు. దాళ్వా (రబీ వరి) విస్తరించాక చేలకు ఆరే వ్యవధి తగ్గింది, పైరు రసం పీల్చే దోమపోటు పెరిగింది. 1925 నుంచి పనిచేస్తున్న మార్టేరు వరి పరిశోధన కేంద్రం 1982లో విడుదల చేసిన స్వర్ణ రకం ఈ పల్లపు నేలలకు బాగా సరిపోయి, ఒడిశా, బెంగాల్ మీదుగా బంగ్లాదేశ్ దాకా వెళ్లింది. కానీ అది సుమారు అయిదు నెలల పంట. కోతకు వచ్చేసరికి తుపాన్ల కాలం. 1996 నవంబరు తుపాను కోనసీమకు ఆ సంగతి గట్టిగానే గుర్తుచేసింది. 2009లో రెండు వారాల ముంపును తట్టుకునే స్వర్ణ-సబ్1 వచ్చింది. మురుగు తీయడం కన్నా మురుగును ఓర్చుకునే విత్తనం కనిపెట్టడమే మనకు సులువైందని నాకనిపిస్తుంది.

ఓర్పు నశించిన చోట వరి చేను చెరువైంది. భీమవరం, ఉండి ప్రాంతాల్లో చేపలు, రొయ్యలు లాభం తెచ్చాయి గాని, చెరువుల నీరు చేరేది కూడా అవే మురుగు కాలువల్లోకి. చెరువు నుంచి పక్క చేలోకి ఊరే నీటి దెబ్బకు ఆ రైతూ చెరువు తవ్వక తప్పని పరిస్థితి.

800 కోట్లు దాటిన ప్రపంచానికి భూమిని పాడుచేయకుండా తిండి పెట్టడమెలా అన్న చర్చలో, వరి చేనును ఆరుతడిగా, అంటే ఆరనిచ్చి మళ్లీ తడిపేలా ఉంచితే నీరు మిగులుతుందని, వాతావరణాన్ని వేడెక్కించే మీథేన్ వాయువు తగ్గుతుందని చెబుతారు. 2003 ప్రాంతంలో రాష్ట్రానికి వచ్చిన శ్రీ వరి సాగు పద్ధతిదీ అదే సూత్రం. అయితే చేనును ఆరబెట్టడం రైతు చేతిలో ఉన్నప్పుడే అది సాధ్యం. డెల్టా పల్లంలో సార్వాకు ఆ వీలు లేదు. అందుకే ఇక్కడి రైతుల కోరికలు పాతవే: వేసవిలో పంట కాలువలకు నీరు ఆపేసినప్పుడు మురుగు కాలువల్లో గుర్రపుడెక్క, పూడిక తీయాలి, అవి సముద్రంలో కలిసే ముఖాలు తెరిపించాలి, జూన్ మొదట్లోనే నీరు వదిలి, నవంబరు తుపానుకు ముందే కోత పూర్తయ్యేలా చూడాలి.