మింగుడుపడని ఈస్ట్

కర్నూలులో కొండారెడ్డి బురుజు చుట్టుపక్కల పొద్దున్నే పావురాలకు జొన్నలు చల్లేవాళ్లు కనబడతారు. పావురాల రెట్ట ఎండి దుమ్మయితే, ఆ దుమ్ములో క్రిప్టోకాకస్ నియోఫార్మన్స్ అనే ఈస్ట్ (ఒంటికణపు శిలీంధ్రం) ఉండే అవకాశం ఉంది. పావురానికి మామూలుగా దాంతో జబ్బు రాదు. దాని ఒంటి వేడి 41, 42 డిగ్రీలు. ఆ వేడికి ఈ ఈస్ట్ సరిగ్గా పెరగలేదు. మన 37 డిగ్రీలు మాత్రం దానికి హాయిగా సరిపోతాయి. ఇది చదివి ఎవరూ జొన్నలు చల్లడం మానుకోనక్కర్లేదు. తెలియకుండానే దీన్ని పీల్చినవాళ్లు మనలో చాలామందే ఉంటారు, ఒళ్లు దాన్ని అక్కడికక్కడే అణిచేస్తుంది. హెచ్‌ఐవీ ముదిరినవాళ్లకు, కిడ్నీ మార్పిడి తర్వాత రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు వాడేవాళ్లకు ముప్పు ఎక్కువ.

ఊపిరితిత్తుల్లోకి చేరిన ఈస్ట్ కణం మామూలుగా 5 నుంచి 7 మైక్రాన్లుంటుంది (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). అక్కడ కాపలా కాసే మాక్రోఫేజ్ కణాల పని దాన్ని మింగి అరగించుకోవడం. కానీ కొన్ని ఈస్ట్ కణాలు లోపలికి వెళ్లిన కొద్ది రోజుల్లోనే ఉబ్బడం మొదలుపెడతాయి. 10 మైక్రాన్లు దాటినవాటిని టైటాన్ కణాలంటారు. 50 మైక్రాన్లు, ఒక్కోసారి 100 దాకా కూడా పోతాయి. వేరుశనగ విత్తనం చీనీకాయంత అయిందనుకోండి: అడ్డుకొలత పదింతలైతే ఘనపరిమాణం వెయ్యింతలవుతుంది. మింగాల్సిన మాక్రోఫేజే సుమారు 20 మైక్రాన్లుంటే, ఇంకేం మింగుతుంది?

ఇది నీరు పట్టిన ఉబ్బు కాదు. మామూలు కణం డీఎన్‌ఏను ఒకసారి రెట్టింపు చేసుకుని రెండుగా చీలుతుంది. టైటాన్‌గా ఉబ్బే కణం రెట్టింపు చేసుకుంటూనే పోతుంది, ఆ దశలో చీలదు. ఒక్క సెట్టు క్రోమోజోములుండాల్సిన చోట నాలుగు, ఎనిమిది, పదహారు, ఇంకా ఎక్కువ సెట్లు పోగవుతాయి. కణం గోడ మందమవుతుంది, దాని చుట్టూ ఉండే చక్కెరల పొర మరింత గట్టిగా అల్లుకుంటుంది. 2010లో రెండు బృందాలు వేర్వేరుగా ఎలుకల ఊపిరితిత్తుల్లో ఈ కణాలను వివరంగా పరిశీలించి చూపించాయి. 2018లో మూడు బృందాలు ఎలుకలతో పని లేకుండా ల్యాబ్‌లోనే వీటిని పెంచే పద్ధతులు ప్రకటించాయి.

నాకు ఆశ్చర్యంగా తోచేది దీని కాపురం. టైటాన్ ఊపిరితిత్తులు దాటి పెద్దగా ఎక్కడికీ పోదు. దానికి మొగ్గ తొడిగి పుట్టే పిల్లలు మళ్లీ మామూలు సైజువే. రక్తంలో పడి మెదడుకు చేరగలిగేది అంత చిన్నవే. పైగా టైటాన్లున్న చోట పక్కనున్న చిన్న కణాలను కూడా మాక్రోఫేజ్‌లు తక్కువగా మింగుతాయని ప్రయోగాల్లో తేలింది.

మెదడు పొరలకు జబ్బు చేరాక రోగికి వారాల తరబడి తలనొప్పి, జ్వరం, వాంతులు. కర్నూలు పెద్దాసుపత్రి లాంటి చోట వెన్నునీరు తీసి ల్యాబ్‌కు పంపుతారు. స్లైడు మీద ఆ నీటిచుక్క పక్కన ఇండియా ఇంకు చుక్క వేసి కలిపి, పైన పల్చటి గాజుబిళ్ల పెట్టి చూస్తారు. అంతా నల్లగా, అందులో అక్కడక్కడా గుండ్రటి తెల్లని ఖాళీలు, ఒక్కో ఖాళీ మధ్యలో ఒక కణం. ఇంకు రేణువులను దూరనివ్వని ఆ ఖాళీయే చక్కెరల పొర.

నోటిపూత తెచ్చే కాండిడా ఆల్బికన్స్‌ది ఇంకో దారి. అది ఉబ్బదు, సాగుతుంది. మనిషి రక్తం గడ్డకట్టాక మిగిలే సీరమ్‌లో కలిపి 37 డిగ్రీల్లో రెండు మూడు గంటలుంచితే గుండ్రటి కణం నుంచి సన్నటి గొట్టం బయటికొస్తుంది. గొట్టం మొదట్లో నొక్కు ఉండదు. ఆ గొట్టాన్ని చూసే ల్యాబ్‌లో దీన్ని గుర్తుపడతారు. గొట్టం పోగుగా ఎదిగి చర్మపు పొరల్లోకి చొచ్చుకుపోతుంది, మింగిన కణాన్నే చీల్చుకుని బయటపడగలదు. ఈ పోగులు కాండిడాలైసిన్ అనే విషాన్ని కూడా వదులుతాయని 2016లో బయటపడింది. హిస్టోప్లాస్మా అనే మరో శిలీంధ్రమైతే మట్టిలో పోగులుగా బతికి, మన ఒంటి వేడి తగలగానే 2 నుంచి 4 మైక్రాన్ల బుల్లి ఈస్ట్‌గా మారి, ఏకంగా మాక్రోఫేజ్ కడుపులోనే కాపురం పెడుతుంది.

మరి పావురాల రెట్టలో బతికే క్రిప్టోకాకస్‌కు మన ఊపిరితిత్తుల్లో పనికొచ్చే ఈ విద్యలు ఎక్కడివి? మట్టిలో అమీబాలు కూడా ఈస్ట్‌లను మాక్రోఫేజ్‌ల మాదిరే మింగుతాయి. వాటిని తప్పించుకోవడానికి అలవడిన గుణాలే మన మీదా పనిచేస్తున్నాయన్నది చాలామంది శాస్త్రజ్ఞుల వాదన. నాకూ అదే నమ్మబుద్ధేస్తుంది. మనిషి దాని దారిలో లేడు, అనుకోకుండా అడ్డొచ్చాడు.

వైద్యంలోనూ టైటాన్ల పేచీ ఉంది. ఫ్లూకోనజోల్ మందు ఎదురైనప్పుడు వీటి పిల్లల్లో కొన్నింటికి క్రోమోజోముల లెక్క తప్పుతుంది, అలా అదనంగా వచ్చిన క్రోమోజోము ఒక్కోసారి మందును తట్టుకునే బలమిస్తుంది. మెదడుకు చేరిన జబ్బుకు ముందుగా ఆంఫోటెరిసిన్-బి, ఫ్లూసైటోసిన్‌తో మొదలుపెట్టి, తర్వాత ఫ్లూకోనజోల్‌కు మారతారు. తలనొప్పి రాకముందే రక్తంలో ఈ చక్కెరల పొర ఆనవాళ్లను పట్టే పట్టీ పరీక్ష కూడా ఉంది, పది నిమిషాల్లో తేలిపోతుంది. అనంతపురంలోనైనా కడపలోనైనా ఏఆర్‌టీ సెంటర్‌కు హెచ్‌ఐవీ మందుల కోసం వెళ్లే మనిషికి సీడీ4 (రక్తంలోని ఒక రకం రోగనిరోధక కణాల) లెక్క 100 కన్నా తక్కువుంటే, ఈ పరీక్ష గురించి డాక్టరును అడగాలి.