"పెద్ద వయసు కదా" అని ఆగిపోకండి: అల్జైమర్స్ చుట్టూ అపోహలు, వాస్తవాలు

మతిమరుపుతో నా దగ్గరికి వచ్చే పెద్దవాళ్ళలో చాలామంది రెండు మూడేళ్ళు ఆలస్యంగా వస్తారు. ఇన్నాళ్ళూ ఎందుకు ఆగారంటే ఒకటే జవాబు: "డెబ్బై దాటాయి కదా డాక్టర్ గారూ, చాదస్తం అనుకున్నాం." అందుకే ముందు దీని సంగతే చూద్దాం.

అపోహ: ముసలితనంలో మతిమరుపు మామూలే, చూపించక్కర్లేదు.

వాస్తవం: వయసుతో జ్ఞాపకం కాస్త మందగించే మాట నిజమే. ఎవరి పేరో పొద్దున్న గుర్తురాక సాయంత్రానికి గుర్తొస్తే కంగారు అక్కర్లేదు. కానీ టిఫిన్ తిన్న సంగతే గుర్తులేకపోవడం, అడిగిందే పావుగంటలో నాలుగుసార్లు అడగడం, ఏటా పెట్టే ఆవకాయకి కారం ఎంత వేయాలో తెలియక నిలబడిపోవడం, రోజూ వెళ్ళే రైతుబజారు నుంచి ఇంటికి దారి తప్పడం... ఇవి వయసు ఖాతాలో వేసేవి కావు. జ్ఞాపకం, ఆలోచన క్షీణించి రోజువారీ పనులు దెబ్బతినే స్థితిని డిమెన్షియా అంటాం, దాన్ని తెచ్చే జబ్బుల్లో ముఖ్యమైనది అల్జైమర్స్. మన దేశంలో అరవై దాటినవాళ్ళలో డిమెన్షియా ఉన్నది సుమారు 7.4 శాతం మందికే. వయసు ముప్పుని పెంచుతుంది, నిజమే. వయసు ఒక్కటే కారణమైతే మిగతా తొంభై రెండు మంది సంగతేమిటి? ఈ జబ్బుని మొదట వర్ణించిన జర్మన్ వైద్యుడు అలోయిస్ అల్జైమర్ 1901లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో చూసిన ఆగస్టె డెటర్ వయసు 51. ఆమె 1906లో చనిపోయాక మెదడుని పరీక్షించి, ఇప్పుడు మనం అమైలాయిడ్, టావ్ అంటున్న ప్రోటీన్ల పేరుకుపోవడాన్ని ఆయన వర్ణించాడు.

ఆలస్యం వల్ల పెద్ద నష్టం ఏమిటంటే, నయమయ్యేవి కూడా అలాగే ఉండిపోతాయి. థైరాయిడ్, బి12 లోపం, డిప్రెషన్, సోడియం పడిపోవడం, ఏళ్ళ తరబడి వేసుకునే నిద్రమాత్రలు, ఇవన్నీ మతిమరుపు తెస్తాయి. గుంటూరు వైపు నుంచి ఒక మిర్చి రైతుని తీసుకొచ్చారు. బాత్రూంలో జారిపడిన నెలకి మాట తడబడింది, మనుషుల్ని పోల్చుకోవడం లేదు. ఇంట్లో అందరూ వయసే అనుకున్నారు. సీటీ తీస్తే పుర్రెకీ మెదడుకీ మధ్య రక్తం పేరుకుని ఉంది. చిన్న ఆపరేషన్‌తో తీసేశారు. తర్వాత చూపించుకోవడానికి వచ్చినప్పుడు యార్డులో ఆ వారం ధరలు ఆయనే నాకు చెప్పారు.

నిజంగా అల్జైమర్సే అయితే? అప్పుడు కూడా ఆలస్యం ఇంటిని చీలుస్తుంది. ఒక అత్తగారు గొలుసు తనే దాచి, మర్చిపోయి, కోడలే తీసిందని వీధంతా చెప్పారు. అన్నదమ్ముల మధ్య మాటలు ఆగిపోయాయి. ఇలా దొంగతనం అంటగట్టడం ఈ జబ్బులో తరచూ కనిపించే లక్షణం. ఆ మాట కొడుకులకి కోడలి ఎదుటే చెప్పాను. వాదించొద్దు, కలిసి వెతకండి అన్నాను. ఆవిడ ఇప్పటికీ గొలుసు వెతుకుతూనే ఉంటారట, కోడలిని పక్కన పెట్టుకుని.

"మందే లేదుగా, పరీక్షలెందుకు" అనేది ఆ మొదటి అపోహకి తోబుట్టువు. డోనెపెజిల్, మెమాంటిన్ జబ్బుని నయం చేయవు. కొందరికి కొంతకాలం రోజువారీ పనులు సులువవుతాయి. 2023లో అమెరికాలో పూర్తి అనుమతి పొందిన లెకానెమాబ్ గురించి వాట్సాప్‌లో "నయం చేసే ఇంజెక్షన్" అని తిప్పుతున్నారు. ఆ పుకార్లు ఆపండి. 18 నెలల ట్రయల్‌లో అది క్షీణతని 27 శాతం నెమ్మదింపజేసింది. జబ్బు తీవ్రతని చూసే 18 పాయింట్ల కొలతలో తేడా అర పాయింటు లోపే. మెదడులో వాపు, రక్తస్రావం రావచ్చు కాబట్టి మధ్యమధ్యలో ఎమ్మారైలు తీయాలి. అయినా అమైలాయిడ్‌ని తీసేస్తే జబ్బు వేగం తగ్గుతుందని తేలడం చిన్న విషయం కాదు. అది పనికొచ్చేది తొలిదశలో ఉన్నవాళ్ళకే. వీలునామా, బ్యాంకు ఖాతాల సంగతి కూడా అంతే, మనిషి తన మాట తను చెప్పగలిగినప్పుడే తేల్చుకోవాలి.

"నాన్నకొచ్చింది, నాకూ వస్తుందా?" అని నలభైల్లో ఉన్నవాళ్ళు వణికిపోతూ అడుగుతారు. ఆ భయం నాకు అర్థమవుతుంది. తప్పకుండా జబ్బు తెచ్చే జన్యుమార్పులు నూటికి ఒక్క కేసులో కూడా ఉండవు. ఏపీఓఈ4 అనే జన్యు రకం ముప్పు పెంచుతుంది, అంతే. టెన్షన్, నిద్రలేమి వల్ల బండి తాళాలు మర్చిపోవడం అల్జైమర్స్ కాదు.

అల్యూమినియం గిన్నెల వల్ల వస్తుందనీ, కొబ్బరినూనెతో తగ్గుతుందనీ అంటారు: రెండింటికీ రుజువు లేదు.

ముప్పు పెంచుతాయని రుజువున్నవి బీపీ, షుగర్, కొలెస్ట్రాల్, పొగ, వినికిడి లోపం. 14 ముప్పు కారణాలని అదుపు చేస్తే దాదాపు 45 శాతం డిమెన్షియాని ఆపడమో వాయిదా వేయడమో చేయొచ్చని 2024లో లాన్సెట్ కమిషన్ అంచనా వేసింది. చెవి వినపడకపోతే మిషన్ పెట్టించండి, నామోషీ పడకండి. హైదరాబాద్ నిమ్స్‌లో 648 మందిపై చేసి 2013లో ప్రచురించిన అధ్యయనంలో, రెండు భాషలు మాట్లాడేవాళ్ళకి డిమెన్షియా నాలుగున్నరేళ్ళు ఆలస్యంగా మొదలైందని తేలింది. బడికి వెళ్ళనివాళ్ళలోనూ ఆ తేడా కనిపించింది. అన్ని దేశాల అధ్యయనాలూ ఇదే చెప్పలేదు, హామీగా తీసుకోకండి.

చూపించడానికి వచ్చేటప్పుడు వాడుతున్న మాత్రలన్నీ, నిద్రమాత్రలతో సహా, సంచీలో వేసుకుని రండి. రోజంతా పెద్దాయనతో ఇంట్లో ఉండే మనిషిని వెంట తీసుకురండి. అమెరికాలో ఉన్న అబ్బాయితో ఫోన్‌లో పది నిమిషాలు ఆయన చక్కగానే మాట్లాడతారు.