పోలీసు నుంచి రైలింజను దాకా: కానిస్టేబుల్ తమ్ముళ్ల అపోహలు, అసలు వాస్తవాలు

సివిల్ కానిస్టేబుల్‌గా చేసి, ఆ ఉద్యోగం వదిలి అసిస్టెంట్ లోకో పైలట్‌గా (ఏఎల్‌పీ, అంటే రైలు డ్రైవరుకు సహాయకుడు) చేరినవాణ్ని. ఇప్పుడు కాజీపేట - బల్లార్షా వైపు గూడ్సు బండ్లు నడుపుతున్నా. రైల్వే రిక్రూట్‌మెంట్ బోర్డు (ఆర్‌ఆర్‌బీ) ఏఎల్‌పీ నోటిఫికేషన్ పడిందంటే చాలు, పాత బ్యాచ్‌వాళ్ల ఫోన్లు మొదలవుతాయి. "అన్నా, స్టేషన్ డ్యూటీతో విసిగిపోయిన, రైల్వేకు వచ్చేస్తా" అంటారు. రావద్దని ఎవరికీ చెప్పను. కాకపోతే వాళ్లు ఊహించుకుంటున్న ఉద్యోగం వేరు, ఇక్కడున్న ఉద్యోగం వేరు.

అపోహ: నేను పోలీసు డ్రైవర్ని. హెవీ లైసెన్సు ఉంది, అది కలిసొస్తుంది.

కలిసిరాదు. లైసెన్సు సంగతి నోటిఫికేషన్‌లో ఎక్కడా ఉండదు. ఇంజిన్‌లో స్టీరింగే లేదు. బండి ఏ లైన్లోకి పోవాలో స్టేషన్ మాస్టరు పాయింట్లు, అంటే పట్టాలు కలిసేచోట దారి, మార్చి నిర్ణయిస్తాడు. మన చేతిలో ఉండేవి వేగం, బ్రేకు. అందులోనూ నడపడం కంటే ఆపడమే పెద్ద విద్య. 59 వ్యాగన్ల బొగ్గు బండి అంటే ఐదు వేల టన్నుల పైమాటే. మంచి వేగంలో ఉన్నప్పుడు ఎమర్జెన్సీ బ్రేకు వేసినా అది ఆగేది దాదాపు కిలోమీటరు అవతల. కంటికి కనపడ్డాక ఆపుదామనుకుంటే అప్పటికే ఆలస్యమైపోయినట్టు. అందుకే ఏ మలుపు తర్వాత ఏ సిగ్నల్ ఉంది, ఎక్కడ ఎత్తు, ఎక్కడ పల్లం అన్నది ముందే తెలిసుండాలి. దీన్నే రోడ్ లెర్నింగ్ అంటాం. కొత్త సెక్షన్‌లో రాత్రి ప్రయాణంతో కలిపి మూడు ట్రిప్పులు చూసి, నేర్చుకున్నానని సంతకం పెట్టాకే బండి ఇస్తారు. మూడు నెలలు ఆ సెక్షన్‌కు పోకపోతే మళ్లీ చూసి రావాల్సిందే.

ఇంకోటి. ఎవరూ నేరుగా లోకో పైలట్ కారు. ముందు ఏఎల్‌పీ, తర్వాత సీనియర్ ఏఎల్‌పీ, ఆపైన షంటింగ్, గూడ్సు, ప్యాసింజర్, మెయిల్ ఎక్స్‌ప్రెస్. వందే భారత్ క్యాబ్‌లో (డ్రైవరు గదిలో) సెల్ఫీ దిగాలని వచ్చేవాళ్లు చాలాకాలం బొగ్గు బండి వాసన చూడాలి.

అపోహ: డిగ్రీ ఉంది కదా, చాలు.

మన దగ్గర ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. పదో తరగతితో పాటు నోటిఫికేషన్‌లో చెప్పిన ట్రేడులో ఐటీఐ ఉండాలి. ఫిట్టర్, ఎలక్ట్రీషియన్, డీజిల్ మెకానిక్ లాంటివన్నమాట. లేదంటే మెకానికల్, ఎలక్ట్రికల్, ఎలక్ట్రానిక్స్, ఆటోమొబైల్‌లో డిప్లొమా గానీ బీటెక్ గానీ ఉండాలి. బీఏ, బీకాం, బీఎస్సీ పనికిరావు. బీటెక్ సీఎస్‌ఈ చదివి కానిస్టేబులైనవాళ్లు మన బ్యాచుల్లో కొల్లలు. వాళ్లకూ ఇది దారి కాదు, సివిల్ ఇంజినీరింగ్ వాళ్లకూ కాదు. కోచింగ్‌కు డబ్బు కట్టాక ఈ మాట తెలిసినవాళ్లు నాకు తెలుసు.

బ్రిటన్‌లో పోలీసు ఉద్యోగం మానేసి రైలు డ్రైవర్లయినవాళ్ల వీడియోలు కొందరు పంపిస్తుంటారు. అక్కడ రైలు కంపెనీలు ఏ టెక్నికల్ చదువూ అడక్కుండానే ట్రైనీలను తీసుకుంటాయి. ఆ లెక్క ఇక్కడ నడవదు.

అపోహ: యూనిఫాం సర్వీసు కాబట్టి వయసు సడలింపు ఇస్తారు.

ఇవ్వరు. ఆ సడలింపు మాజీ సైనికులకు ఉంది, రాష్ట్ర పోలీసుకు లేదు. 2025 నోటిఫికేషన్‌లో 18 నుంచి 30 ఏళ్లు, ఓబీసీలకు మరో మూడు, ఎస్సీ ఎస్టీలకు మరో ఐదు. 2024లో 33 దాకా తీసుకున్నారు కదా అంటారు. అది కోవిడ్ పేరుతో ఒక్కసారికి ఇచ్చింది. 25 ఏళ్లకు కానిస్టేబులై, ట్రైనింగ్ ముగించుకుని, రెండేళ్లు చేశాక విసుగొచ్చిందంటే చేతిలో మిగిలేది ఒకటో రెండో నోటిఫికేషన్లు.

అపోహ: 1600 మీటర్లు ఉరికినోళ్లం, మెడికల్ మాకొక లెక్కా?

ఇక్కడ ఉరికించరు. కళ్లు చూస్తారు. ఏఎల్‌పీకి పెట్టే ఏ-1 అంటే రైల్వే మెడికల్‌లో అన్నిటికన్నా కఠినమైన కేటగిరీ. అద్దాలు లేకుండా రెండు కళ్లకూ 6/6 ఉండాలి, ఆపైన దాగున్న చూపు లోపాన్ని పట్టే ఫాగింగ్ టెస్టు, రంగులు గుర్తించడం, రాత్రి చూపు, మసక వెలుతురులో చూపు. అద్దాలు తీసేయడానికి లేసిక్ (లేజర్ ఆపరేషన్) చేయించుకున్నవాళ్లు అనర్హులని నోటిఫికేషన్‌లోనే ఉంటుంది. కాబట్టి పుస్తకాలు కొనకముందే కంటి డాక్టర్ దగ్గరికి వెళ్లి రండి. ఉద్యోగం వచ్చాక కూడా ఇది వదలదు. 45 ఏళ్ల దాకా నాలుగేళ్లకోసారి, 55 దాకా రెండేళ్లకోసారి, ఆ తర్వాత ఏటా పరీక్ష.

పరీక్ష సంగతి తొందరగా చెప్పేస్తా. కంప్యూటర్ మీద రాసే పరీక్షలు (సీబీటీ) రెండు, తర్వాత సీబీఏటీ అనే ఆప్టిట్యూడ్ టెస్టు. కానిస్టేబుల్ పరీక్షకు చదివిన అర్థమెటిక్, రీజనింగ్ మొదటి సీబీటీకి బాగానే పనికొస్తాయి. రెండోదాంట్లో ట్రేడు పేపరు ఉంటుంది, 35 శాతం రావాలి. సీబీఏటీలో జ్ఞాపకం, ఏకాగ్రత, లోతు అంచనా లాంటి ఐదు టెస్టులు. ఒక్కోదాంట్లో విడివిడిగా 42 టీ-స్కోర్ (మిగతావాళ్లతో పోల్చి లెక్కగట్టే స్కోరు) రావాలి. నాలుగింట్లో ఇరగదీసి ఒకదాంట్లో తగ్గితే ఇంటికే. ఏ కులానికీ ఇందులో మినహాయింపు లేదు.

అపోహ: జీతం తగ్గుతుంది, బేసిక్ 19,900 అట.

కాగితం మీద చూస్తే తెలంగాణ కానిస్టేబుల్ బేసిక్ 24,280. ఏఎల్‌పీది లెవెల్ 2, 19,900. ఈ రెండంకెలను పక్కపక్కన పెట్టి పోల్చడమే తప్పు. మన రాష్ట్ర వేతన సవరణ (పీఆర్‌సీ) 2018 జులై నాటి డీఏను కలుపుకుని కట్టింది. కేంద్రానిది 2016 లెక్క. అప్పట్నుంచి పెరిగిన డీఏ అంతా దానిమీద విడిగా వస్తుంది. దీనికి తోడు కిలోమీటర్ల మీద రన్నింగ్ అలవెన్సు. బేసిక్‌లో 30 శాతాన్ని ఆ అలవెన్సు పేరుతో జీతంలో భాగంగానే లెక్కిస్తారు, రిటైర్మెంట్ ప్రయోజనాలకైతే 55 శాతం. ట్రైనింగ్‌లో ఉన్నన్నాళ్లు మాత్రం కిలోమీటర్లు ఉండవు, చేతికొచ్చేది తక్కువ. ఈఎంఐలు ఉన్నవాళ్లు ఆ నెలలకు ముందే సర్దుకోవాలి. ఎన్‌పీఎస్ (పెన్షన్ పథకం) గురించి భయపడక్కర్లేదు, ప్రాన్ అనే ఆ ఖాతా నంబరు అదే కొనసాగుతుంది.

అపోహ: రైల్వేలో టైం ప్రకారం డ్యూటీ. వీక్లీ ఆఫ్ గ్యారంటీ. పండగలకు ఇంట్లో ఉండొచ్చు.

ఫోన్ చేసేవాళ్లలో సగంమంది దీనికోసమే వస్తామంటారు. అందుకే కొంచెం వివరంగా చెప్తా.

షిఫ్టు అన్న మాటే ఇక్కడ లేదు. బండి ఎప్పుడుంటే అప్పుడే డ్యూటీ. రెండు గంటల ముందు కాల్ వస్తుంది. రాత్రి పదకొండుకు అన్నం తిని పడుకుంటే పన్నెండున్నరకు ఫోన్ మోగి, రెండున్నరకు లాబీలో, అంటే సిబ్బంది హాజరయ్యే ఆఫీసులో, సైన్ ఆన్ చేసి డ్యూటీ ఎక్కాల్సి రావచ్చు. హెడ్‌క్వార్టర్స్‌లో, అంటే మన సొంత డ్యూటీ ఊళ్లో, విశ్రాంతి ఎనిమిది గంటలు దాటిన డ్యూటీకి 16 గంటలు, అంతకన్నా తక్కువైతే 12. నెలకు నాలుగుసార్లు 30 గంటల విశ్రాంతి, లేకపోతే ఐదుసార్లు 22 గంటలది. ఈ 30 గంటల్లోనే ఆ 16 కలిసిపోతున్నాయని, రెండూ విడివిడిగా కలిపి 46 గంటలు ఇవ్వాలని రన్నింగ్ స్టాఫ్ (బండ్ల మీద పనిచేసేవాళ్లు) ఎన్నాళ్లుగానో కొట్లాడుతున్నారు. అది న్యాయమైన కోరికే అని నేనూ అంటా. వారానికో రోజు సెలవంటే మామూలు మనిషికి ఒక పగలు, ఒక రాత్రి ఇంట్లో గడపడం. 30 గంటల లెక్కలో ఆ రాత్రి కొన్నిసార్లు సగమే మిగులుతుంది.

ఇక్కడ నిజంగా మేలు ఏమిటంటే, సైన్ ఆఫ్ అయ్యాక పని మన వెంట ఇంటికి రాదు. పెండింగ్ కేసు ఉండదు, సమన్లు ఉండవు, కోర్టు డ్యూటీ ఉండదు, ఎస్సై ఫోన్ ఉండదు. మేడారం జాతర బందోబస్తు తప్పింది, నిజమే. దానికి బదులు జాతర స్పెషల్ బండ్లు వచ్చాయి. కాకపోతే బండి అప్పజెప్పగానే నా జాతర అయిపోతుంది.

రన్నింగ్ రూం, అంటే అవతలి ఊళ్లో సిబ్బంది పడుకునే గది, గురించి ఎవరూ అడగరు, అడగాల్సింది అదే. అవతలి ఊళ్లో పగటిపూట, పక్క మంచం మీద ఇంకొకరు గురక పెడుతుండగా, పరదా సందులోంచి ఎండ మొహం మీద పడుతుండగా నిద్రపోగలగాలి. ఎందుకంటే ఆ సాయంత్రం మళ్లీ బండి ఎక్కాలి. పోలీసు నైట్ బీట్‌లో టీ కొట్టు దగ్గర నిలబడి నిద్ర ఆపుకోవచ్చు, క్యాబ్‌లో అది కుదరదు. నిమిషంపాటు ఏ మీటా కదపకపోతే విజిలెన్స్ పరికరం లైటు వెలిగిస్తుంది, తర్వాత బజర్ కొడుతుంది, అప్పటికీ పలకకపోతే తనే బ్రేకు వేస్తుంది. చాలా ఇంజిన్లలో టాయిలెట్ కూడా లేదు. ఇప్పుడిప్పుడే పెడుతున్నారు. మహిళా కానిస్టేబుళ్లు అడిగితే ఈ సంగతి దాచకుండా చెప్తా. దేశంలో తొలి మహిళా రైలు డ్రైవరుగా పేరున్న సురేఖా యాదవ్ 1980ల చివర్లోనే ఈ ఉద్యోగంలో చేరారన్న మాటా దాంతోపాటే చెప్తా.

ఇంకో చిన్న తమాషా. డ్రంకెన్ డ్రైవ్‌లో జనం నోట్లో గొట్టం పెట్టిన చేతులు మనవి. ఇక్కడ సైన్ ఆన్‌లో, సైన్ ఆఫ్‌లో మనమే ఊదాలి. రోడ్డు మీద వంద మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాముల దాకా చట్టం చూసీచూడనట్టు వదిలేస్తుంది. లాబీలో ఆ వెసులుబాటు మీద ఆశ పెట్టుకోకండి.

అపోహ: మనుషుల్ని, గొడవల్ని హ్యాండిల్ చేసిన అనుభవం ఉంది, బండిదేముంది!

ఈ మాటను నేను పూర్తిగా తలకిందులు చేస్తా. మనల్ని మంచి కానిస్టేబుల్ అనిపించిన గుణమే క్యాబ్‌లో ప్రమాదం.

పోలీసు పనంతా సర్దుబాటు. గెట్టు పంచాయితీతో అన్నదమ్ములు స్టేషన్‌కు వస్తే ఇద్దర్నీ కూర్చోబెట్టి, కేసు దాకా పోకుండా పంపిస్తాం. ఎవరిని గద్దించాలో, ఎవరిని బుజ్జగించాలో ఆ క్షణానికి మనమే తేల్చుకుంటాం. సందర్భాన్ని బట్టి రూల్‌ను కాస్త వంచగలిగినవాడే అక్కడ తెలివైనవాడు. సిగ్నల్ దగ్గర ఆ తెలివిని మూటగట్టి పక్కన పెట్టాలి. స్టార్టర్, అంటే స్టేషన్ నుంచి బండి కదలడానికి అనుమతించే సిగ్నల్, ఎర్రగా ఉంది. ముందు లైను ఖాళీగా కళ్లెదుటే కనిపిస్తోంది. స్టేషన్ మాస్టరు బాగా తెలిసినాయన, వాకీటాకీలో "సిగ్నల్ ఫెయిలైంది, వచ్చేయండి" అన్నాడు. కదలకూడదు. టీ/369(3బి) అనే కాగితం రాసి, సంతకం పెట్టి చేతికిచ్చాక, దానిమీద సిగ్నల్ నంబరు మనం చదివి సరిచూసుకున్నాకే కదలాలి. సిగ్నళ్లు వాటంతటవే మారే ఆటోమేటిక్ సెక్షన్‌లో ఎరుపు దాటే వీలుంది, దానికీ కొలత ఉంది. పగలైతే ఒక నిమిషం, రాత్రైతే రెండు నిమిషాలు ఆగి, ముందు బాగా కనిపిస్తే 15 కిలోమీటర్ల వేగం, లేకపోతే 10. మినహాయింపును కూడా రూలే రాసిపెట్టింది. ఎరుపు అనుమతి లేకుండా దాటితే, ఎందుకు దాటావన్నది తర్వాతి మాట. ముందు దింపేస్తారు, ఉద్యోగం పోయే దాకా పోవచ్చు. స్పీడ్ రికార్డరు బ్రేకు ఎప్పుడు వేశామో చెప్పేస్తుంది. కొత్త ఇంజిన్లలో కెమెరా, మైకు కూడా ఉంటాయి. సాక్షిని తిప్పి అడగడానికేమీ ఉండదు.

డ్రెస్సు చూసి నమస్తే పెట్టే ఊరు కూడా ఉండదిక్కడ. కొందరికి అది హాయి, కొందరికి లోటు. మీరు ఏ రకమో మీకే తెలియాలి.

పోలీసు ఉద్యోగం నుంచి నాకు నిజంగా పనికొచ్చింది రాత అలవాటు. జీడీలో (స్టేషన్ జనరల్ డైరీలో) టైంతో సహా ఉన్నదున్నట్టు రాయడం నేర్చుకున్నవాడికి లాగ్ బుక్కు, మెమో, వివరణ కష్టమనిపించవు. ఇంజినీరింగ్ చదివి నేరుగా వచ్చిన కుర్రాళ్లు ఇక్కడ తడబడతారు.

అపోహ: ఏఎల్‌పీ అంటే పక్కన కూర్చుని జెండా ఊపేవాడు.

ప్రతి సిగ్నల్‌నూ ఇద్దరం చెయ్యెత్తి చూపిస్తూ పైకి పలకాలి. వంపుల్లో వెనక్కి చూసి వ్యాగన్లలో పొగ, నిప్పురవ్వలు ఏమైనా వస్తున్నాయా గమనించాలి. ఇంజిన్ ట్రిప్ అయితే, అంటే ఏదో లోపంతో ఆగిపోతే, మెషిన్ రూంలోకి పోయేది ఏఎల్‌పీనే. పట్టాలు తప్పి పక్క లైనుకు అడ్డం పడే పరిస్థితి వచ్చిందనుకోండి. రాత్రి రెండింటికి, వానలో, ఎర్ర దీపం చేత్తో పట్టుకుని పక్క లైను మీద ఎదురు నడవాలి. 600 మీటర్ల దగ్గర ఒక డిటోనేటర్ (బండి ఎక్కగానే పేలి డ్రైవర్ను హెచ్చరించే టపాకాయ లాంటిది) పట్టాకు బిగించాలి. మళ్లీ నడిచి 1200 మీటర్ల దగ్గర పదేసి మీటర్ల దూరంలో మూడు. ఆ దారిలో ఎదురుగా బండి వస్తే దాన్ని ఆపాల్సింది ఆ దీపమే. బూటు కింద కంకర జారుతుంటుంది, సిగ్నల్ వెలుగు తప్ప ఏమీ ఉండదు. ఈ పని చేయడానికి రాత్రి గస్తీ తిరిగిన కాళ్లు ఉపయోగపడతాయి, అది ఒప్పుకుంటా.

అపోహ: శవాలు చూసినోళ్లం, పట్టాల మీద ఎవరన్నా పడితే మాకు చలించదు.

పోలీసుగా మనం జరిగాక వెళ్తాం. పంచనామా రాస్తాం, ఒకప్పుడు సీఆర్‌పీసీ 174, ఇప్పుడు బీఎన్‌ఎస్‌ఎస్ 194. ఆ మనిషి మనకు అప్పటికే కేసు నంబరు. క్యాబ్‌లో కూర్చున్నవాడు జరగకముందు చూస్తాడు. హారన్ మోగిస్తూనే ఉంటాం, బ్రేకు వేసేసి ఉంటాం, చేయగలిగింది ఇక ఏమీ ఉండదు. ఆపిన తర్వాత స్టేషన్‌కు చెప్పి, చూడాల్సింది చూసి, చాలాసార్లు అదే బండిని మనమే ముందుకు తీసుకెళ్లాలి. దీనికి పాత సర్వీసు నన్ను సిద్ధం చేయలేదు. ఆ రాత్రి రన్నింగ్ రూంలో ఒంటరిగా పడుకోకుండా ఎవరితోనైనా మాట్లాడండి, సీనియర్లకు అది తెలుసు.

అపోహ: బండిని తనే ఆపే రక్షణ వ్యవస్థ కవచ్ వచ్చేస్తోంది, ఇక డ్రైవర్లు ఎందుకు?

2022 మార్చిలో గుల్లగూడ - చిట్‌గిద్ద మధ్య మన దక్షిణ మధ్య రైల్వేలోనే దాన్ని మంత్రి సమక్షంలో పరీక్షించారు. మనం ఆపకపోతే అది ఆపుతుంది. బండిని నడిపే పని మాత్రం మనదే.

అపోహ: సెలెక్ట్ అయ్యాక చెప్పొచ్చులే, ముందే చెప్తే పెద్దసారు కక్ష కడతాడు.

దరఖాస్తు పెట్టేటప్పుడే యూనిట్ ఆఫీసుకు రాతపూర్వకంగా తెలియజేసి, అందినట్టు ముద్ర వేయించుకుని కాపీ దాచుకోండి. డాక్యుమెంట్ వెరిఫికేషన్‌లో ఎన్‌ఓసీ (మన శాఖ ఇచ్చే అభ్యంతరం లేదన్న పత్రం) అడుగుతారు. డిపార్ట్‌మెంటల్ విచారణ పెండింగ్‌లో ఉంటే ఎన్‌ఓసీ అక్కడే ఆగిపోతుంది, కాబట్టి పాత చార్జ్ మెమో ఏదైనా ఉంటే ముందు దాన్ని తేల్చుకోండి. ట్రైనింగ్‌లో బాండు రాసిచ్చారేమో చూసి, డబ్బు కట్టాల్సి వస్తే ఎంతో పే సెక్షన్‌లో అడగండి. రాజీనామాలో కారణం స్పష్టంగా రాయండి, ఇంకో ప్రభుత్వ ఉద్యోగంలో చేరడానికి అని. రిలీవింగ్ ఆర్డర్ చేతికి రాకుండా మాత్రం రైల్వేలో చేరకండి. కిట్ అప్పజెప్పిన రసీదు, నో డ్యూస్, చివరి జీతం సర్టిఫికెట్ కూడా అదే రోజు తీసుకోండి. ఆఫీసు చుట్టూ మళ్లీ తిరగడానికి ట్రైనింగ్ సెంటర్ వాళ్లు సెలవివ్వరు.