నంబర్ వన్ కాని పాట ఇరవై ఏళ్లుగా చార్టులో ఎలా ఉంది?

బ్రిటన్‌లో పాటల అమ్మకాలు లెక్కగట్టి వారం వారం చార్టు (ర్యాంకుల జాబితా) ఇచ్చే అఫీషియల్ చార్ట్స్ కంపెనీ 2024 మేలో ఒక విషయం ప్రకటించింది. నంబర్ వన్ స్థానాన్ని ఒక్కసారి కూడా అందుకోని పాటల్లో అన్నింటికంటే ముందున్నది 'మిస్టర్ బ్రైట్‌సైడ్' అని. అమ్మకాలు, స్ట్రీమింగ్ (కొనకుండా ఇంటర్నెట్‌లో వినడం) కలిపి 55 లక్షల యూనిట్లు దాటాయి. అంతవరకూ ఆ ఘనత బ్రిటిష్ రాక్ బ్యాండ్ ఒయాసిస్ పాడిన 'వండర్‌వాల్'ది. ద కిల్లర్స్ అనే అమెరికన్ బ్యాండ్ తొలి ఆల్బమ్ 'హాట్ ఫస్'లోని ఈ పాట అప్పటికే 400 వారాలకు పైగా టాప్ 100లో గడిపింది. అభిమానుల ప్రేమే కారణం అంటే సగమే చెప్పినట్టు. మిగతా సగం చార్టు లెక్కపెట్టే పద్ధతిలో ఉంది.

పాట పుట్టింది లాస్ వేగాస్‌లో. 2001లో డేవ్ క్యూనింగ్ అనే గిటారిస్ట్ తనతో కలిసి వాయించేవాళ్లు కావాలని స్థానిక వారపత్రికలో ప్రకటన ఇచ్చాడు. తనకు ఇష్టమైన బ్యాండ్లలో ఒయాసిస్ పేరు రాశాడు. అది చూసి వచ్చినవాడు బ్రాండన్ ఫ్లవర్స్. హోటల్లో అతిథుల సామాన్లు మోసే కుర్రాడు. క్యూనింగ్ దగ్గర అప్పటికే ఒక గిటార్ వరస సిద్ధంగా ఉంది. ప్రేమించిన అమ్మాయి మోసం చేసిందన్న బాధలో ఉన్న ఫ్లవర్స్ దానికి మాటలు కట్టాడు. రెండో చరణం రాయనే లేదు, మొదటిదాన్నే మళ్లీ పాడాడు. తర్వాత కూడా దాన్ని మార్చలేదు. నాకైతే ఈ పాట బలమంతా అక్కడే ఉందనిపిస్తుంది. అసూయతో నిద్రపట్టని మనిషికి కొత్త ఆలోచనలు రావు, అదే దృశ్యం కళ్ల ముందు తిరుగుతూ ఉంటుంది. పైగా గుంపులో గొంతు కలిపేవాళ్లకు ఒక్క చరణం వస్తే చాలు.

అమెరికాలో పెద్ద కంపెనీలు ముందుకు రాకముందే లండన్‌లోని లిజార్డ్ కింగ్ అనే చిన్న ఇండీ లేబుల్ (స్వతంత్ర రికార్డు కంపెనీ) వీళ్లను నమ్మింది. 2003 సెప్టెంబరులో ఈ పాటను సింగిల్‌గా (విడి పాటగా) విడుదల చేస్తే చార్టులో ఎక్కడా కనిపించలేదు. 2004 మేలో మళ్లీ విడుదల చేశారు. ఈసారి 10వ స్థానం దాకా వెళ్లింది. మరుసటి నెలలోనే ఆల్బమ్ వచ్చింది. ఇక్కడ ఒక సంగతి గమనించాలి. అదే ఆల్బమ్‌లోని 'సంబడీ టోల్డ్ మీ' 2005 జనవరిలో బ్రిటన్‌లో 3వ స్థానానికి చేరింది. అంటే అప్పటి లెక్క ప్రకారం పెద్ద హిట్ అదే.

అప్పట్లో చార్టుకు పట్టింది కొనుగోలు మాత్రమే. సీడీ కొన్న రోజు ఒక్కసారి లెక్కలోకి వచ్చేది. ఇంటికెళ్లి ఆ పాట వెయ్యిసార్లు విన్నా ఎవరికీ తెలిసేది కాదు. షాపుల్లో సీడీలు అయిపోతే పాట కూడా చార్టు నుంచి జారిపోయేది. 2005లో డౌన్‌లోడ్లను కలిపారు. 2007 జనవరి నుంచి షాపులో సీడీ లేకపోయినా డౌన్‌లోడ్ లెక్కలోకి వచ్చింది. అసలు మలుపు 2014 జులైలో వచ్చింది. 100 సార్లు స్ట్రీమ్ అయితే ఒక అమ్మకంగా లెక్కించడం మొదలుపెట్టారు. దాంతో చార్టు అడిగే ప్రశ్నే మారిపోయింది. ఎంతమంది కొన్నారు అన్నది పోయి, ఎన్నిసార్లు వింటున్నారు అన్నది వచ్చింది. క్లబ్బుల్లో, పెళ్లి పార్టీల్లో అందరూ గొంతెత్తి పాడే పాటకు ఇంతకంటే అనుకూలమైన లెక్క ఏముంటుంది? జనం దాన్ని వినడం ఎప్పుడూ మానలేదు. ఆ వినడం చార్టుకు అప్పుడు మొదటిసారి కనిపించింది.

ఇబ్బంది కూడా ఇక్కడే మొదలైంది. పాత పాటలు కదలకపోతే కొత్త బ్యాండ్లకు చోటెక్కడ? 2017 జులైలో బ్రిటన్‌లో నిబంధనలు మార్చారు. పది వారాలు దాటి, వరుసగా తగ్గుముఖం పట్టిన పాటల స్ట్రీములకు విలువ సగానికి తగ్గించారు. పాత పాటలకూ ఆ సగం లెక్కే. అది న్యాయమేనని నా అభిప్రాయం. తొలి ఆల్బమ్‌తో వచ్చే బ్యాండుకు ఆ వారం విడుదలైన పాటలతో పోటీయే చాలా టెన్షన్, దానికి తోడు 2004 నాటి పాటతో కూడా పోటీ పడమంటే ఎలా? అయినా ఆ సగం లెక్కతోనే మిస్టర్ బ్రైట్‌సైడ్ టాప్ 100లో నిలబడింది.

అమెరికాలో పద్ధతి ఇంకా కఠినం. 20 వారాలు దాటి 50వ స్థానం కంటే కిందికి దిగిన పాటను అక్కడి ప్రధాన పాటల చార్టు బిల్‌బోర్డ్ హాట్ 100 నుంచి తీసేయడం ఏళ్లుగా ఉన్న నియమం. అక్కడ మిస్టర్ బ్రైట్‌సైడ్ 2005లో 10వ స్థానం దాకా వెళ్లి, తర్వాత తప్పుకుంది. కానీ మిషిగన్ యూనివర్సిటీ అమెరికన్ ఫుట్‌బాల్ స్టేడియంలో మూడో క్వార్టర్ (ఆటలోని నాలుగు భాగాల్లో మూడోది) ముగియగానే ఇప్పటికీ అదే పాట వేస్తారు. లక్ష మందికి పైగా పట్టే ఆ స్టేడియంలో, పాట విడుదలైన నాటికి పుట్టని పిల్లలు కూడా లేచి నిలబడి పాడతారు.